బాలింత పాత్రల ఆలస్యం, శనివారం తరగతి: మా కొనుగోలుదారులకు నా మాట

ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉన్న మా మట్టి పాత్రల దుకాణాన్ని ఆదరిస్తున్న అందరికీ నమస్కారం. ‘బాలింత’ వరుస పాత్రలకు ముందుగా డబ్బు కట్టినవారు అవి ఎప్పుడు అందుతాయని అడుగుతున్నారు. శనివారం ఆడవాళ్లకు నడిపే మట్టి తరగతికి ‘థెరపీ’ (మానసిక చికిత్స) అని పేరు పెట్టమని మరికొందరు సలహా ఇస్తున్నారు.

ఈ పాత్రలకు పొట్ట పెద్దది, మెడ సన్నం. వెలుపల నున్నని తెల్లటి పూత వేసినా, లోపల చేసినవారి వేళ్ల గుర్తులను పూత లేకుండా అలాగే ఉంచుతాము కనుక వీటిలో పాలు, పులుసులు పోయవద్దు. కాన్పయిన ఇంట్లో ఉయ్యాల గురించీ బారసాల గురించీ అందరూ మాట్లాడుకుంటారు గాని, బాలింత కారణం చెప్పలేక ఏడుస్తుంటే గాలి సోకిందనో దిష్టి తగిలిందనో ఊరుకుంటారు. తొలి రోజుల దిగులు చాలామందికి రెండు వారాల్లో తగ్గిపోతుంది. అంతకు మించి సాగితే, బిడ్డ నిద్రపోతున్నా తల్లికి నిద్ర పట్టకపోతే, అది వైద్యం కావలసిన కుంగుబాటు కావచ్చు. ఇంట్లో ఆ మాట ఎత్తడానికి ఈ పాత్ర ఒక సాకు కావాలన్నదే నా కోరిక.

ఆలస్యానికి కారణం వాన. ముసురులో మందమైన పొట్ట ఆరకముందే పలుచని మెడ ఆరి, కుంచించుకుని, అతుకు దగ్గర చీలుతుంది. తడి మిగిలిన పాత్రను బట్టీలో పెడితే 100 డిగ్రీలు దాటేసరికి లోపలి ఆవిరికి పగిలిపోతుంది. 573 డిగ్రీల దగ్గర మట్టిలోని క్వార్ట్జ్ అనే ఖనిజం ఒక్కసారిగా వ్యాకోచిస్తుంది కనుక అక్కడా వేడిని మెల్లగానే పెంచాలి. పగుళ్లను పూతతో కప్పి అమ్మడం నాకు సమ్మతం కాదు. దసరాలోపు పంపిస్తాము, ఆగలేనివారికి డబ్బు పూర్తిగా తిరిగి ఇస్తాము.

తరగతికి మాత్రం ‘థెరపీ’ అన్న పేరు పెట్టను. మట్టి పిసుకుతూ కూర్చున్న నలుగురు ఆడవాళ్ల మధ్య, కన్నతల్లికి కూడా చెప్పుకోని సంగతులు బయటపడడం నేను చూస్తూనే ఉన్నాను, దాన్ని ఎంతో విలువైనదిగా భావిస్తాను. అయినా మేము మానసిక వైద్యులం కాము. మా మాట నమ్మి ఏ తల్లీ మందులు మానేయకూడదు. అందుకే 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416ను గోడ మీద పెద్దగా రాయించాము. ఏ వేళ చేసినా ఉచితమే, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడవచ్చు.

తరతరాలుగా మట్టి కలిపి, రంగులు వేసిన ఆడవాళ్లను చాలా కుమ్మరి ఇళ్లలో సారెను, అంటే కుండలు చేసే చక్రాన్ని, ముట్టనివ్వలేదు. మా దగ్గర తొలి పాఠమే సారె మీద. రుసుము పెంచడం లేదు. చంటిబిడ్డతో వచ్చేవారికి ఉయ్యాల కట్టిస్తాము, తోడుగా అమ్మనైనా అత్తగారినైనా తీసుకురావచ్చు.