ధర చీటీకి విలువ కట్టండి: పౌరసరఫరాల మంత్రి గారికి ఒక బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ ఆహార, పౌరసరఫరాలు, వినియోగదారుల వ్యవహారాల శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

విజయవాడ సింగ్‌నగర్‌లో మా తోటికోడలూ నేనూ కలిసి ఒక కర్రీ పాయింటు నడుపుతున్నాం. కందిపప్పు, నూనె, చింతపండు, ఎండుమిర్చి. ఈ నాలుగింటి ధర మీదే మా లాభనష్టాలు. ఊళ్లో ఏ మార్టులో ఏది ఎంతకు దొరుకుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలం. ఈ లేఖ డిస్కౌంటు మార్టుల మీద కత్తి కట్టి రాస్తున్నది కాదు. ఆ మార్టుల్లో ర్యాకుకు అంటించే ధర చీటీ ఉంది చూశారా, దానికి మాటంటే మాటే అన్నట్టుగా ఒక కట్టుబాటు పెట్టించమని అడగడానికి రాస్తున్నాను.

ముందు వాళ్లకు ఇవ్వాల్సిన మార్కులు ఇచ్చేస్తాను. మార్టులో సరుకు చవక. ఈ మాట అబద్ధమని ఎవరన్నా నేను ఒప్పుకోను. మా బోటి చిన్న వంటవాళ్లకు గొల్లపూడి హోల్‌సేలు మార్కెట్ దాకా వెళ్తే బస్తా లెక్కన కొనాలి. అంత డబ్బు ఒకేసారి పెట్టలేం, పెట్టినా నిల్వ చేసే చోటు లేదు, పైగా ఆటో కిరాయి. మార్టులో ఐదు కిలోలు కొన్నా దాదాపు హోల్‌సేలు ధరే పడుతోంది. అదెలా కుదురుతుందో వ్యాపారం చేసేవాళ్లకు తెలియనిది కాదు. సరుకు టోకున కొంటారు, కంపెనీలకు డబ్బు తొందరగా కట్టి ధర తగ్గించుకుంటారు, ఒక రకానికి పది బ్రాండ్లు పెట్టకుండా బాగా అమ్ముడయ్యే రెండు మూడే పెడతారు, అలంకారాల జోలికి పోరు. అందులో తప్పేమీ లేదు, తెలివే ఉంది.

తూకం సంగతి కూడా చెప్పాలి. మాకు ముద్ర వేయించిన కాటా ఉంది. మార్టు నుంచి తెచ్చిన పప్పు ప్యాకెట్లను దాని మీద పెట్టి చూస్తూ ఉంటాను. ఎప్పుడూ తగ్గలేదు. విడిగా పొట్లం కట్టించుకున్న పప్పు విషయంలో అంత ధీమాగా చెప్పలేను, ఎవరి దగ్గర అని అడగకండి. ఇంకొకటి, మార్టులో మొహం చూసి ధర చెప్పరు. చీర బాగుంటే ఒక రేటు, నలిగి ఉంటే ఒక రేటు ఉండదు. ఎంతసేపు నిలబడి చదువుకున్నా "ఏం కావాలమ్మా, తొందరగా చెప్పండి" అనేవాళ్లు ఉండరు. పురుగు పట్టిన రవ్వ వెనక్కి తీసుకెళితే బిల్లు చూసి మారు మాట్లాడకుండా మార్చి ఇచ్చారు. మా వీధిలో ఆడవాళ్లు మార్టుకు అలవాటు పడడానికి ధర ఎంత కారణమో ఈ మర్యాద కూడా అంతే కారణం.

ఇక అసలు సంగతి. ఆ మార్టు పేరు రాయడం లేదు. అలాంటిదే ఇంకో మార్టులో ఇలాగే జరిగిందని మా దగ్గర కూరలు కొనేవాళ్లు చెప్పారు కాబట్టి ఒక్కరి మీద వేలు పెట్టడం న్యాయం కాదు.

నెల మొదట్లో ఒక సాయంత్రం. ర్యాకు అంచున పసుపుపచ్చ చీటీ మీద లావుపాటి అంకెలు: కందిపప్పు కిలో 118. బిల్లుకు ఐదు ప్యాకెట్లే అని కింద చిన్న అక్షరాలు. ఐదూ తీసుకున్నాను. బిల్లింగ్ కౌంటర్లో అమ్మాయి ఒక ప్యాకెట్టు స్కాన్ చేసి ఐదు అని కొట్టింది. తెర మీద 129 పడింది. చీటీ మీద 118 ఉందమ్మా అన్నాను. ఆ పిల్ల తప్పేముంది, సూపర్‌వైజర్‌ని పిలిచింది. ఆయన వచ్చి, "ఆఫర్ నిన్నటితో అయిపోయింది మేడమ్, చీటీ మార్చడం లేటయింది, సిస్టమ్‌లో ఎంతుంటే అంతే" అన్నాడు. చీటీ మీద తేదీ ఏదీ లేదే అంటే ప్యాకెట్టు తిప్పి చూపించాడు. "ఎమ్మార్పీ 190 ఉంది చూడండి. ఎమ్మార్పీ కంటే తక్కువకే ఇస్తున్నాంగా. వద్దంటే తీసేస్తాం." నా వెనక నాలుగు ట్రాలీలు. అందులో ఒకాయన, "పది రూపాయల దగ్గర ఎందుకండీ ఈ గొడవ" అని గొణిగాడు. మర్నాడు పొద్దున్నే పప్పు పొయ్యి మీద పడాలి. కట్టేసి వచ్చాను. ఐదు కిలోలకు 55 రూపాయలు. బయటికొచ్చి బిల్లు చూస్తే అడుగున ఒక వరుస: ఈ పప్పు మీద మీరు ఆదా చేసినది 305 రూపాయలు.

మంత్రి గారూ, ఆ 305 ఎక్కడి నుంచి వచ్చిందో ఆలోచించండి. ఆ పప్పు మార్టు తన సొంత పేరుతో కట్టించి అమ్మే ప్యాకెట్టు. దాని మీద 190 అని వేయించిందీ వాళ్లే, 129కి అమ్మిందీ వాళ్లే, మధ్యలో ఉన్నది నాకు మిగిలిందని చెప్పిందీ వాళ్లే. ఆ పప్పు ఆ ఊళ్లో ఏ రోజైనా ఎవరికైనా 190కి అమ్మారా? అమ్మి ఉండరు. 2024 జులైలో మీ శాఖే రైతు బజార్లలో కందిపప్పు కిలో 160కి అమ్మించింది. అప్పుడు మేమూ వరుసలో నిలబడి తెచ్చుకున్నాం. ఆనాడు బయట పప్పు మండిపోతోంది కాబట్టి 160 అంటే తగ్గింపే. ఇవాళ 190 అని అచ్చేసి 129కి ఇవ్వడం తగ్గింపు ఎలా అవుతుంది?

సూపర్‌వైజర్ ఆ రోజు నాకు చూపించిన ఎమ్మార్పీ 1990 నుంచి ఉంది. అన్ని పన్నులూ కలిపి ఇంతకు మించి అమ్మకూడదని ప్యాకెట్టు మీద వేయాలన్న నియమం జనానికి ఎంతో మేలు చేసింది. ఆ రోజుల్లో ప్యాకెట్టు మీద ఎంతుంటే కొట్లో అంతకే అమ్మేవాళ్లు. కాబట్టి ప్యాకెట్టును కాపలా కాస్తే సరిపోయేది. ఇప్పుడు మార్టుల్లో ఎమ్మార్పీకి ఎవరూ కొనరు. అసలు ధర ప్యాకెట్టు దిగి ర్యాకు మీదికి వచ్చి కూర్చుంది. తనిఖీకి వచ్చేవాళ్లు మాత్రం ఇంకా ప్యాకెట్టునే తిప్పి చూస్తున్నారు.

మొన్న జీఎస్టీ తగ్గినప్పుడు ఇది ఇంకా బాగా తెలిసొచ్చింది. 2025 సెప్టెంబరు 22 నుంచి సబ్బులు, షాంపూలు, టూత్‌పేస్టు, బిస్కెట్ల మీద పన్ను 18 శాతం నుంచి 5 శాతానికి, నెయ్యి, వెన్న మీద 12 నుంచి 5కి దిగింది. మంచి మాటే. కానీ అప్పటికే తయారై ఉన్న సరుకు మీద కొత్త ధర స్టిక్కరు వేయడం తప్పనిసరి కాదని కేంద్రం వెసులుబాటు ఇచ్చింది. లక్షల ప్యాకెట్లకు స్టిక్కర్లు అంటించడం కష్టమే, కాదనను. అయితే ఆ వారాల్లో ప్యాకెట్టు మీద పాత ధర, ర్యాకు మీద ఒక ధర, బిల్లులో ఒక ధర. నెయ్యి డబ్బా పట్టుకుని ఏది నమ్మాలో తెలియక అటూ ఇటూ చూసిన పెద్దవాళ్లను ఎంతమందిని చూశానో. తగ్గిన పన్ను జనానికి చేరిందో లేదో చెప్పగలిగింది ఆ రోజుల్లో ర్యాకు చీటీ ఒక్కటే. దాన్ని నిలదీసే నియమం మాత్రం గట్టిగా లేదు.

పూర్తిగా లేదని కూడా అనలేం. ధర విషయంలో జనాన్ని తప్పుదోవ పట్టించడం అనుచిత వ్యాపార పద్ధతి అని 2019 వినియోగదారుల రక్షణ చట్టం చెబుతోంది. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు, 5 లక్షల లోపు వాటికి ఫీజు కూడా అక్కర్లేదు. సరే, 55 రూపాయల కోసం వాయిదాకు వెళ్లిన రోజు మా కూరలు ఎవరు వండుతారు? క్యారీ బ్యాగుకు విడిగా డబ్బులు తీసుకోవడం మీద కొందరు పట్టుదలగా పోరాడితే 2020 డిసెంబరులో జాతీయ వినియోగదారుల కమిషన్ వాళ్ల వైపు తీర్పు చెప్పింది. వాళ్లకు దండం పెట్టాలి. కానీ ప్రతి పది రూపాయలకూ అలాంటి మనిషి ఒకరు పుట్టుకు రావాలంటే ఎలా?

నూనె సంగతి ఇంకొంచెం లోతుగా చూడాలి. లీటరు నూనె అంటే సుమారు 910 గ్రాములు. పక్కనే అదే ఎత్తు, అదే వెడల్పు ఉన్న ఇంకో ప్యాకెట్టు ఉంటుంది, వెనక చదివితే 850 గ్రాములు. ఫలానా సరుకు ఫలానా సైజుల్లోనే కట్టాలన్న పాత నిబంధన ఎత్తేశాక ఎవరికి తోచిన సైజు వాళ్లు కడుతున్నారు. 850 గ్రాముల ప్యాకెట్టు కింద చీటీ 146, లీటరు ప్యాకెట్టు కింద చీటీ 154 అనుకోండి. చెయ్యి మొదటి దాని మీదికే పోతుంది, ఎనిమిది రూపాయలు తక్కువ కదా. లెక్క కట్టండి: మొదటిది కిలో దాదాపు 172 పడింది, రెండోది 169. ఈ లెక్క కట్టడానికి మార్టులో ఫోను తీసి నిలబడే ఆవిడ మా వాడలో నేనొక్కదాన్నే అనుకుంటాను, అది కూడా వ్యాపారం కాబట్టి.

దీనికి మందుగా ప్యాకెట్టు మీద యూనిట్ ధర, అంటే గ్రాముకో కిలోకో ఎంత పడుతుందో కూడా వేయాలన్నారు. వేస్తున్నారు. కిలో లోపు ప్యాకెట్టు అయితే గ్రాము ధర వేస్తే చాలు. అంటే అర కిలో మినప్పప్పు మీద గ్రాము 0.19 రూపాయలు అని ఉంటుంది. గ్రాము మినప్పప్పు కొనేవాళ్లు ఎవరండీ? పైగా ఆ 0.19 లెక్క కట్టింది ఎమ్మార్పీ మీద, ఎవరూ కట్టని ధర మీద. నేను కట్టబోయే ధరకు కిలో ఎంత పడుతుందో ఎక్కడా ఉండదు.

మెల్‌బోర్న్‌లో ఉంటున్న మా అన్నయ్య కూతురు అక్కడి సూపర్ మార్కెట్ ర్యాకు ఫొటో పంపింది. చీటీ మీద అమ్మే ధర, దాని కిందే వంద గ్రాములకు ఎంత పడుతుందో. ఆస్ట్రేలియాలో పెద్ద సూపర్ మార్కెట్లకు 2009 నుంచి అది తప్పనిసరి. మన మార్టుల చీటీలు కూడా కంప్యూటర్‌లోంచి వచ్చేవే. ఒక వరుస ఎక్కువ అచ్చు వేయడానికి సాంకేతికంగా కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు.

బిల్లు వేసేటప్పుడు మార్టులో అడిగే మన ఫోను నంబరు ఊసు కూడా ఎత్తాలి. నంబరు ఇవ్వకపోతే బిల్లు వేసేది లేదని దుకాణాలు పట్టుబట్టకూడదని 2023 మేలోనే కేంద్ర వినియోగదారుల శాఖ చెప్పింది. కౌంటర్లో పిల్లలకు ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. వాళ్లతో వాదించడం నాకు ఇష్టం ఉండదు, సాయంత్రానికి వాళ్ల కాళ్లు ఎలా ఉంటాయో నాకు తెలుసు.

చిన్న కొట్ల మాట ఎత్తకపోతే మా వీధిలో నన్ను తిడతారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి మా వాడంతా మునిగినప్పుడు వీధి చివర కొట్టాయన సగం సరుకు పోగొట్టుకుని కూడా మాకు ఖాతా మీద బియ్యం, నూనె ఇచ్చాడు. మార్టుకు ఖాతా తెలియదు. అయినా ఆయన దగ్గర పప్పు కిలోకు పది రూపాయలు ఎక్కువ, అదీ నిజమే. మార్టు చీటీ నిజం చెబితే ఆయనకూ మేలే. పోటీ ఎంత దూరంలో ఉందో తెలుస్తుంది, కొన్ని సరుకుల్లో తన ధరే తక్కువని చూపించుకోగలడు. తగ్గింపు ధరలతో ఊరూరా వెలిసిన సుభిక్ష దుకాణాలు 2009లో ఉన్నపళంగా మూతపడడం చూశాం. మార్టులు శాశ్వతం, కొట్లు పాతకాలం అని తేల్చేయడానికి లేదు.

నేను కోరేది పెద్దదేమీ కాదు. చీటీ మీద ఒక ధర, బిల్లులో ఒక ధర ఉంటే, రెండింట్లో తక్కువదే తీసుకోవాలని మార్టులన్నిటికీ మీ శాఖ నుంచి ఆదేశం ఇప్పించండి. ఆ మాట తెలుగులో, కౌంటర్ దగ్గర కనబడేటట్టు రాయించండి. ఆఫర్ చీటీ మీద ఎప్పటిదాకా అన్న తేదీ ఉండాలి. చీటీ మీద అమ్మే ధరకు కిలో, లీటరు లెక్క వేయాలన్న నియమం కేంద్రం చేతిలో ఉంటే, రాష్ట్రం తరఫున ఒక ఉత్తరం రాయండి. సొంత పేరుతో కట్టే ప్యాకెట్ల మీద ఎమ్మార్పీ ఏ లెక్కన వేస్తున్నారో పెద్ద మార్టులను ఒకసారి పిలిచి అడగండి, అడిగినట్టు తెలిస్తేనే సగం సర్దుకుంటారు.

తూనికలు, కొలతల శాఖ వాళ్లు ఎలాగూ తనిఖీలకు వెళ్తారు. కాటాలు చూడడంతో ఆపకుండా ఒక ట్రాలీ తీసుకుని, పాతిక సరుకులు ఏరి, ప్రతి చీటీనీ ఫోనులో ఫొటో తీసుకుని, మామూలు మనుషుల్లా వరుసలో నిలబడి బిల్లు వేయించమనండి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే చాలు. ఆ తనిఖీ నెల మొదటి వారంలో, సాయంత్రం ఆరు తర్వాత పెట్టించండి. మంగళవారం పొద్దున పూట వెళితే చీటీలన్నీ సరిగ్గానే ఉంటాయి.

ఇట్లు,
కర్రీ పాయింటు నడుపుకునే ఒక వినియోగదారు,
అజిత్‌సింగ్‌నగర్, విజయవాడ