ఈ సీజన్‌లో ఏ పూల గడ్డలు నాటాలి
అక్కలూ, అన్నలూ, బతుకమ్మ వెళ్లింది, వానలు తగ్గాయి, గడ్డలు తెచ్చుకోవడానికి ఇదే టైం. ఆన్‌లైన్‌లో ఫొటోలు చూసి ట్యూలిప్‌లు మాత్రం ఆర్డర్ పెట్టకండి ప్లీజ్. 1750 నాటి కైజర్స్‌క్రూన్ లాంటి పాత రకాలు ఎంత అందంగా ఉన్నా, వాటికి దాదాపు 12 వారాల పాటు 9 డిగ్రీల లోపు చలి పడాలి, మన హనుమకొండలో అంత చలి ఎక్కడిది? ఫ్రిజ్‌లో పెట్టి ఒకసారి పూయించినా మరుసటి ఏడు ఆశ పెట్టుకోవద్దు.

నా మాట వింటే అమరిల్లిస్‌లో జాన్సనీ రకం తీసుకోండి. 1799 ప్రాంతంలో ఇంగ్లండ్‌లో పుట్టిన సంకరం, ఎర్ర రేకుల నడుమ తెల్ల చార, చూస్తే వదలబుద్ధి కాదు. ఏటేటా పిల్లగడ్డలు కూడా పెడుతుంది. గడ్డ చేతిలో బరువుగా ఉండాలి, వేళ్లు వచ్చే అడుగుభాగాన్ని బొటనవేలితో నొక్కితే మెత్తగా దిగకూడదు, పైపొట్టు ఊడినా పర్లేదు గానీ బూజు ఉంటే అసలు వద్దు. నాటేటప్పుడు మెడ మట్టి పైనే ఉంచండి. ఉత్త నల్లరేగడిలో పెట్టకండి, నీళ్లు నిలిస్తే కుళ్లిపోతుంది.

దండల లిల్లీకి ఎండాకాలం దాకా ఆగండి, అప్పుడూ ఒంటిరేకు రకమే అడగండి, వాసన దానిదే.

నా దగ్గర జాన్సనీ పిల్లగడ్డలు కొన్ని ఉన్నాయి, కావాల్సినవాళ్లు ఆదివారం లోపు ఇక్కడే పేరు పెట్టండి.