పది నిమిషాలు నాతో పాటు ఆగినవాళ్లకి

రెండు నెలలుగా ఇది రాయాలనుకుంటూ వాయిదా వేస్తున్నాను. ఈరోజు ఆదివారం, పాప నిద్రపోయింది, రాసేస్తున్నాను.

నేను ఒక బ్యాంకు బ్రాంచిలో క్యాషియర్‌ని. కిందటేడు దసరా ముందు, కౌంటర్ ముందు మనిషి మీద మనిషి నిలబడ్డ రోజున, సాయంత్రం లెక్క చూస్తే పదివేలు తక్కువొచ్చింది. ఐదువందల నోట్లు ఇరవై ఎవరికో ఎక్కువ వెళ్లాయి. క్యాష్ తగ్గితే క్యాషియరే కట్టుకోవాలి కాబట్టి అప్పటికప్పుడు నా అకౌంట్ నుంచి తీసి కట్టాను. రెండో రోజు ఒక పెద్దాయన, ధాన్యం డబ్బులు తీసుకెళ్లినాయన, కండువాలో మూటగట్టుకుని ఆ ఇరవై నోట్లూ తెచ్చి "ఇంటికెళ్లి లెక్కపెడితే ఎక్కువున్నాయమ్మా, నీకు మాట వస్తుందని పొద్దున్నే బస్సెక్కాను" అన్నాడు. ఆయనకి ఆ రోజు సరిగ్గా దండం కూడా పెట్టలేదు, ముందుగా ఆయనకి నా నమస్కారం.

డబ్బు తిరిగొచ్చింది కదా, అంతటితో అయిపోవాలి. కానీ నాకు అక్కడే మొదలైంది. నిన్న పొరపాటు జరిగితే ఇవాళ జరగదని ఏంటి, లాకర్ గది తాళం పడిందా, ఆ కట్ట మీద సంతకం పెట్టానా, ఆడిట్‌లో బయటపడితే, సస్పెండ్ చేస్తే, ఇంటి లోను, పాప ఫీజు... రాత్రి రెండింటికి మెలకువొస్తే తెల్లారేదాకా ఇదే. బస్టాప్ దాకా వెళ్లి మళ్లీ వెనక్కొచ్చి షట్టర్ తాళం లాగి చూసేదాన్ని, కొన్ని సాయంత్రాలు మూడుసార్లు. వేలి కొసలు కందిపోయేవి.

అందరూ "ఆలోచించకు" అన్నారు. ప్రేమతోనే అన్నారు, కానీ మందు తాగేటప్పుడు కోతిని తలుచుకోవద్దన్నట్టే ఉంటుంది అది, వద్దనుకున్నకొద్దీ అదే వచ్చి కూర్చుంటుంది.

మొదట పట్టుకున్నది మా బ్రాంచి అటెండర్ బాబాయి గారు. మూడోసారి వెనక్కొచ్చిన రోజు ఆయన ఏమీ అడగలేదు, స్టూలు తెచ్చి వేసి, టీ తెప్పించి, "నాకూ పెద్దబ్బాయి పోయినప్పుడు ఇట్లాగే తల తిరిగేదమ్మా, డాక్టర్ దగ్గరికెళ్లాను, సిగ్గేం లేదు" అన్నారు. ఏడేళ్లుగా పక్కన పనిచేస్తున్నాను, ఆ సంగతి నాకు తెలియదు.

అయినా వెళ్లలేదు. ఇంకో నెల లాక్కొచ్చాను. ఒక రాత్రి మరీ భరించలేక, ఇంట్లో ఎవరినీ లేపకుండా వంటింట్లో నేల మీద కూర్చుని 14416కి ఫోన్ చేశాను. టెలి మానస్ అని, 2022 అక్టోబర్ 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది, డబ్బులు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. అవతల అమ్మాయి నా సోదంతా విని, తిన్నగా "చనిపోవాలన్న ఆలోచన వస్తోందా అండీ" అని అడిగింది. ఎవరూ అడగని ప్రశ్న అది. అప్పుడప్పుడు వస్తోందని చెప్పగలిగాను, చెప్పాక చాలాసేపు ఏడ్చాను, ఆమె లైన్ మీదే ఉంది. మర్నాడే మా ఆయనకి చెప్తానని నాతో మాట తీసుకుని గానీ ఫోన్ పెట్టలేదు. ఆమె పేరు చెప్పినా ఆ ఏడుపులో నాకు గుర్తు లేదు. అమ్మా, ఇది మీ కంట పడితే, ఆ రాత్రి ఫోన్ చేసింది నేనే.

తర్వాత ప్రభుత్వాసుపత్రిలో సైకియాట్రీ డాక్టర్ గారు. ముందు థైరాయిడ్, బీ12 పరీక్షలు చేయించారు. తర్వాత కాగితం మీద ఒక గుండ్రం గీసి చూపించారు: భయం వస్తుంది, వెళ్లి తాళం లాగుతావు, కాసేపు హాయిగా ఉంటుంది, ఆ హాయి వల్లే "లాగాను కాబట్టే ఏమీ కాలేదు" అని మెదడు నేర్చుకుంటుంది, అందుకే మళ్లీ లాగమంటుంది. కాబట్టి తాళం ఒక్కసారి, చూస్తూ వేయాలి, మళ్లీ లాగాలనిపిస్తే పది నిమిషాలు ఆగాలి. మొదటి పది నిమిషాలు గంటలా గడిచాయి, చెమటలు పట్టాయి, కానీ పదిహేనో నిమిషానికి ఆ ఒత్తిడి దానంతటదే దిగింది. నాకు నమ్మకం కుదిరింది అక్కడే.

మాత్రలు కూడా ఇచ్చారు. పని చేయడానికి కొన్ని వారాలు పడుతుందని, బాగుందని మనంతట మనం ఆపేయొద్దని రెండుసార్లు చెప్పారు. కౌన్సెలర్ మేడం ఒక నోట్‌బుక్ పెట్టించారు. బెంగలన్నీ సాయంత్రం ఆరున్నర నుంచి ఏడు లోపే, రాసి పడేయాలి, మిగతా వేళల్లో వస్తే "ఆరున్నరకి చూద్దాం" అనాలి. ఎడమ పక్క నిజంగా జరిగింది, కుడి పక్క జరుగుతుందేమో అన్నది. మొదటి వారం కుడి పేజీలు నిండిపోయాయి, ఎడమ పక్క ఒకే వాక్యం: "పదివేలు తగ్గింది, తిరిగొచ్చింది."

మా ఆయన గురించి చెప్పకపోతే తప్పు. రోజూ రాత్రి "తాళం పడిందంటావా" అని నేను అడగడం, "పడింది లేవే" అని ఆయన అనడం. అది కూడా ఆ గుండ్రంలో భాగమేనని డాక్టర్ గారు చెప్పాక, ఆయన జవాబివ్వడం మానేసి, "పది నిమిషాలు కూర్చుందాం పద" అని బాల్కనీలోకి తీసుకెళ్లేవాడు. నేను కసురుకున్నా కూర్చునేవాడు. పొద్దున ఐదింటికి లేవాల్సిన మనిషి.

పూర్తిగా పోయిందని చెప్పను. క్యాష్ ఎక్కువున్న రోజున ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. కానీ తాళం లాగి చూడ్డానికి వెనక్కి వెళ్లి ఐదు వారాలైంది, రాత్రి ఆరుగంటలు నిద్రపోతున్నాను.

ఇట్లాంటి రాత్రులు మీకూ ఉంటే నాలా నెలలు లాగకండి, 14416కి చేయండి. పెద్దాయనకి, బాబాయి గారికి, ఫోన్‌లో ఆ అమ్మాయికి, డాక్టర్ గారికి, మేడం గారికి, మా ఆయనకి, మీ అందరికీ చేతులెత్తి నమస్కారం.