చార్జీలు ఇవ్వండి, జబ్బు పేరు రాసిన పాసు మాత్రం వద్దు

సంపాదకుడు గారికి,

నమస్కారం. డిసెంబరు 1 వచ్చిందంటే ఎయిడ్స్ దినం ర్యాలీలు, ప్రతిజ్ఞలు, ఎర్ర రిబ్బన్ల ఫొటోలు మీ జిల్లా పేజీలో కనిపిస్తాయి. జరగాల్సిన కార్యక్రమాలే, కాదనను. అయితే ఆ మైకుల్లో ఎవరూ ఎత్తని సంగతి ఒకటుంది. మందులు ఉచితమే, మరి ఆ మందుల దాకా వెళ్లిరావడానికి అయ్యే చార్జీలు ఎవరు పెట్టుకోవాలి? దాని గురించే ఈ లేఖ.

నేను ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యాను. నా సర్వీసు ఎక్కువగా ఏటూరునాగారం, భూపాలపల్లి, మహదేవపూర్ రూట్లలోనే గడిచింది. పొద్దున ఫస్ట్ బస్సెక్కి వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి వచ్చేవాళ్లు ప్రతి ట్రిప్పులోనూ ఉంటారు. వాళ్లలో కొందరు ఆసుపత్రి దగ్గర దిగరు. హన్మకొండ బస్టాండులో దిగి వేరే ఆటో మాట్లాడుకుంటారు, లేదంటే ముందు స్టాపులోనే దిగి నడుస్తారు. అదే బస్సులో ఊరివాళ్లు ఉంటారు కదా, ఏ విభాగానికి పోతున్నారో చూస్తారేమోనని భయం.

మా దూరపు బంధువుల్లో ఒక కుటుంబం ఉంది. ఊరి పేరు రాయను. భర్త పోయాడు. భార్య, కొడుకు హెచ్‌ఐవీని (ఎయిడ్స్ తెచ్చే వైరస్‌ను) అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు వాడుతున్నారు. పిల్లవాడికి పన్నెండేళ్లు దాటాయి. వరంగల్ పోవాలంటే, ఆడవాళ్లకు బస్సు ఉచితం కాబట్టి తల్లికి జీరో టికెట్, తోడొచ్చే నానమ్మకు జీరో టికెట్, పిల్లవాడికి మాత్రం ఫుల్ టికెట్. తల్లికి ఒంట్లో బాగాలేకపోతే తాత తీసుకుపోవాలి, అప్పుడు రెండు ఫుల్ టికెట్లు. అంత దూరం నుంచి మనిషికి రానూపోనూ రెండు మూడు వందలవుతుంది. బస్సు దొరికే రోడ్డు దాకా ఊరి నుంచి ఆటోలో రావాలి, ఆటోలో జీరో టికెట్ ఉండదు. చీకటితోనే బయల్దేరతారు కాబట్టి మధ్యాహ్నం బయటే తినాలి. తల్లికి ఆ రోజు కూలీ పోతుంది, పిల్లవాడికి బడి పోతుంది. ఏ కారణం వల్లో బస్సు లేటయి ఓపీ టైము దాటిపోయిందంటే మర్నాడు మళ్లీ రావాలి, లేదా ఎవరింట్లోనో ఆ రాత్రి తలదాచుకోవాలి. ఎందుకొచ్చారని ఆ ఇంటివాళ్లు అడిగితే ఏం చెప్పాలన్నది మళ్లీ ఇంకో టెన్షన్.

మందు ఎందుకు మానకూడదో చెబితేనే ఈ చార్జీల విలువ తెలుస్తుంది. ఏఆర్‌టీ మందులు మన దేశంలో 2004 ఏప్రిల్ 1 నుంచి ఉచితంగా ఇస్తున్నారు. మొదట్లో రోగాలతో పోరాడే సీడీ4 కణాలు బాగా తగ్గినవాళ్లకే మొదలుపెట్టేవారు. 2017 నుంచి పాజిటివ్ అని తేలిన ప్రతి ఒక్కరికీ ఇస్తున్నారు. ఇప్పుడు పెద్దవాళ్లలో చాలామందికి రోజుకు ఒక్క మాత్ర. అది తప్పకుండా వేసుకుంటే రక్తంలో వైరస్ పరీక్షకు కూడా చిక్కనంతగా తగ్గిపోతుంది. అలా తగ్గి ఉన్నంతకాలం లైంగికంగా వేరొకరికి సోకదు కూడా. మధ్యలో మానుతూ వేసుకుంటూ ఉంటే వైరస్ ఆ మందుకు లొంగకుండా పోతుంది. అప్పుడు సెకండ్ లైన్ అనే వేరే రకం మందులకు మారాలి, పరీక్షలు పెరుగుతాయి, తిరుగుడూ పెరుగుతుంది. చేతిలో చార్జీ పైసలు లేక ఈ నెల వద్దులే అనుకున్న ఇంటికి చివరికి పడే భారం అది.

పిల్లల విషయం ఇంకా గట్టిది. పెరిగే బరువును బట్టి వాళ్ల డోసు మారుతుంది. కాబట్టి పెద్దవాళ్లెవరో వెళ్లి మందు తెస్తే సరిపోదు, పిల్లవాడిని తీసుకుపోవాలి. తల్లికి హెచ్‌ఐవీ ఉంటే పుట్టిన బిడ్డకు ఆరు వారాల వయసులో మొదటి పరీక్ష చేయాలి, తర్వాత ఆరు నెలలకు, ఏడాదికి, పద్దెనిమిది నెలలకు మళ్లీ చేయాలి. పుట్టగానే మొదలుపెట్టే సిరప్ వేరే ఉంది. ఇవన్నీ సరిగ్గా జరిగితే తల్లి నుంచి బిడ్డకు రాకుండా చాలావరకు ఆపగలం, ఒకవేళ వచ్చినా తొందరగా మందు మొదలుపెట్టగలం. ఆరు వారాల పసిబిడ్డను ఎత్తుకుని వాజేడు, వెంకటాపురం నుంచి గోదావరి దాటి ఆ బాలింత ఎన్ని బండ్లు మారాలో అధికారులు ఒక్కసారి ఆలోచించాలి.

దగ్గర్లోనే ఈ మందులిచ్చే చిన్న కేంద్రం, అంటే లింక్ ఏఆర్‌టీ కేంద్రం ఉండగా వరంగల్ దాకా ఎందుకు రావడం అని కొందరు అంటారు. దగ్గర కాబట్టే రారు. అక్కడి ల్యాబులో ఉండేది పక్క వీధి అబ్బాయి, చీటీ రాసేది అక్క తోటికోడలు. మందుల సంచితో వరండాలో నిలబడితే సాయంత్రానికి ఊరంతా తెలిసిపోతుంది. పిల్ల పెళ్లి ఆగిపోతుంది, అద్దె ఇల్లు ఖాళీ చేయమంటారు, నలుగురూ నీళ్లు పట్టుకునే చోట ముఖం తిప్పుకుంటారు. వాళ్లకు తెలివి లేక దూరం పోవడం లేదు. ఇల్లు నిలబెట్టుకోవడానికి చార్జీలు పెట్టుకుని పోతున్నారు. ఏ సాయం చేసినా ఈ సంగతి మనసులో పెట్టుకునే చేయాలి.

ఆ మాటకొస్తే 2023 డిసెంబరు 9న మొదలైన మహాలక్ష్మి ఉచిత ప్రయాణం ఈ కుటుంబాలకు ఎంత మేలు చేసిందో లెక్క కట్టలేం. ఆడవాళ్లంతా ఎక్కుతారు, ఆధార్ చూపిస్తారు, కండక్టర్ జీరో టికెట్ కొడతాడు. ఎందుకు పోతున్నావమ్మా అని అడిగే పనే లేదు. ఈ కుటుంబాలకు చేసే ఏ సాయమైనా ఇట్లాగే ఉండాలి. కానీ మగవాళ్లకు, అయిదేళ్లు దాటిన మగపిల్లలకు, తోడు వచ్చే తండ్రికి, తాతకు అది వర్తించదు. బస్సే రాని ఏజెన్సీ గూడేల్లో ఆడవాళ్లకు కూడా దానివల్ల అందేది సగమే.

రైల్వేవాళ్లు ఏఆర్‌టీ కేంద్రాలకు వెళ్లే ఎయిడ్స్ రోగులకు సెకండ్ క్లాసులో 50 శాతం రాయితీ ఇస్తారు. మంచిర్యాల, రామగుండం, పెద్దపల్లి వైపు నుంచి కాజీపేటకు వచ్చేవాళ్లకు అది పనికొచ్చేదే. అయితే ఆ రాయితీ కావాలంటే సర్టిఫికెట్ తీసుకెళ్లి కౌంటర్‌లో చూపించాలి. చిన్న స్టేషన్‌లో వెనక లైను కట్టినవాళ్లంతా తెలిసినవాళ్లే. అక్కడ ఆ కాగితం తీయమని నేనైతే ఎవరికీ చెప్పలేను. రేపు ఆర్టీసీ కూడా మంచి మనసుతోనే ఈ రోగుల కోసమని విడిగా ఒక పాసు తెచ్చిందనుకోండి, అదీ అంతే అవుతుంది. ఇన్నేళ్లు టికెట్లు కొట్టిన అనుభవంతో చెబుతున్నాను, పాసు చూసేటప్పుడు కండక్టర్ ఒక్కడే చూడడు, పక్క సీట్లో కూర్చున్నవాళ్లూ చూస్తారు.

అందుకే నేను అడిగేది ముందుగా పైసలు. ఏఆర్‌టీ కేంద్రానికి వచ్చి వెళ్లిన ప్రతిసారీ దూరాన్ని బట్టి చార్జీలు రోగికి, తోడు వచ్చిన ఒకరికి బ్యాంకు ఖాతాలో వేయాలి. వచ్చినట్టు ఆసుపత్రి రికార్డులో ఎలాగూ ఉంటుంది, వేరే రుజువు అక్కర్లేదు. పాసుబుక్కులో, ఫోనుకు వచ్చే మెసేజీలో జబ్బు పేరు గానీ ఆ విభాగం పేరు గానీ కనిపించకూడదు. ఇంట్లో ఒకటే ఫోను ఉంటుంది, మెసేజీ చదివి పెట్టేది పక్కింటి కుర్రాడు కావచ్చు.

ఇది కొత్త పద్ధతేమీ కాదు. టీబీ రోగులకు 2018 నుంచి నిక్షయ్ పోషణ్ కింద నెలకు 500 రూపాయలు ఖాతాలో వేస్తూ వచ్చారు, 2024 నవంబరు నుంచి దాన్ని 1,000 చేశారు. నోటిఫై చేసిన గిరిజన ప్రాంతాల టీబీ రోగులకు ప్రయాణ ఖర్చుల కింద 750 రూపాయలు ఇచ్చే ఏర్పాటూ ఉంది. టీబీ మందు కొన్ని నెలలు వాడితే అయిపోతుంది. హెచ్‌ఐవీ మందు జీవితాంతం వాడాలి, అంటే ప్రయాణమూ జీవితాంతమే. ఆసరా పింఛను కింద 2,016 రూపాయలు ఇస్తున్నాం కదా అనే అధికారులుంటారు. ఆ పైసలు బియ్యానికి, పిల్లల ఖర్చులకు ముందే అయిపోతాయి, బస్సు టికెట్ దాకా రావు.

పాసే ఇస్తామంటే అందరికీ కలిపి ఒకే పాసు ఇవ్వండి. డయాలసిస్, తలసేమియా, సికిల్ సెల్, క్యాన్సర్, టీబీ, హెచ్‌ఐవీ అన్నీ అందులోనే ఉండాలి, పైన మాత్రం ఏ జబ్బు పేరూ ఉండకూడదు. కండక్టర్‌కు కావలసింది పాసు నంబరు, ఫొటో, గడువు తేదీ. మిగతా వివరం డిపోకు కూడా అవసరం లేదు. మహాలక్ష్మి టికెట్ల డబ్బు ప్రభుత్వం ఆర్టీసీకి ఎలా కడుతోందో దీనికీ అలాగే కట్టొచ్చు. మేడారం జాతరకు ఊరూరి నుంచి వేల బస్సులు తిప్పే సంస్థ మనది. అదే తాడ్వాయి, ఏటూరునాగారం దారిలో ఆసుపత్రికి వచ్చే కొద్దిమందికి ఓ పాసు ఏర్పాటు చేయలేదంటే నేను నమ్మను.

దీనికి చట్టం అండ కూడా ఉంది. 2017లో చేసిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లోకి వచ్చింది. జబ్బు ఉన్నవాళ్లకే కాదు, దానివల్ల ఇబ్బంది పడుతున్న కుటుంబ సభ్యులకు కూడా సంక్షేమ పథకాలు సులువుగా అందేలా చూడాల్సిన బాధ్యత కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలదని అందులో ఉంది. మనిషి ఒప్పుకోకుండా అతని జబ్బు సంగతి బయటపెట్టకూడదనీ ఉంది. చార్జీలు ఇచ్చేటప్పుడు ఈ రెండూ కలిపి పాటించాలని అడుగుతున్నాను.

నిలకడగా ఉన్నవాళ్లకు మూడు నెలల మందు ఒకేసారి ఇచ్చే వీలు ఉంది. అది అర్హత ఉన్న ప్రతి ఒక్కరికీ, ముఖ్యంగా దూరం నుంచి వచ్చేవాళ్లకు అందేలా చూస్తే చార్జీల ఖర్చు ప్రభుత్వానికీ తగ్గుతుంది.

రాష్ట్రమంతా పథకం రావాలంటే బడ్జెట్ కావాలి, టైము పడుతుంది. అంతవరకు ఆగాల్సిన పని లేదు. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ జిల్లాల కలెక్టర్లు తమ దగ్గరున్న నిధులతో మొదట పిల్లలకూ, బాలింతలకూ, వాళ్లను తీసుకొచ్చే ఒకరికీ చార్జీలు ఇవ్వడం మొదలుపెట్టాలి. ఊరి నుంచి రోడ్డు దాకా అయ్యే ఆటో ఖర్చు కూడా అందులో కలపాలి. వచ్చే విద్యాసంవత్సరం మొదలయ్యేలోపు ఇది జరగాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఆర్టీసీ కండక్టర్,
హన్మకొండ.