క్విజ్‌లో ఎనభైల పాటలు: ఒక ప్రశ్నకు రెండు జవాబులు

సంపాదకుడు గారికి,

పత్రికల ఆదివారం అనుబంధాల్లో, కాలేజీ క్విజ్ పోటీల్లో, ఎఫ్‌ఎం కార్యక్రమాల్లో 1980ల నాటి పాశ్చాత్య డాన్స్ పాటల మీద ప్రశ్నలు వస్తూనే ఉంటాయి. సరదా ప్రశ్నలే, కాదనను. చిక్కల్లా వాటిలో చాలావాటికి రెండేసి సరైన జవాబులు ఉండటం. నిర్వాహకుల కాగితం మీద ఉండేది ఒక్కటే. రెండోది చెప్పిన పిల్లలకు సున్నా.

‘వీనస్’ పాడింది ఎవరు? కాగితం మీద బనానారామా అని ఉంటుంది. 1986లో వాళ్ల పాట అమెరికా చార్టులో మొదటి స్థానానికి చేరింది, నిజమే. కానీ అది పాత పాట. నెదర్లాండ్స్ బృందం షాకింగ్ బ్లూ 1969లో విడుదల చేసిన అసలు ‘వీనస్’ కూడా 1970లో అదే చార్టులో మొదటి స్థానంలో నిలిచింది. ఏడాది చెప్పకుండా అడిగితే రెండు జవాబులకూ మార్కు ఇవ్వాల్సిందే. సాఫ్ట్ సెల్ బృందం 1981లో పాడిన ‘టెయింటెడ్ లవ్’ను గ్లోరియా జోన్స్ అరవైల్లోనే పాడింది. లారా బ్రానిగన్ ‘గ్లోరియా’ (1982)కు మూలం ఇటలీ గాయకుడు ఉంబెర్తో తోజ్జీ 1979 పాట. ఈ పాత-కొత్తల సంగతినే తెలివిగా అడగొచ్చు. 1987 నవంబరులో అమెరికాలో టిఫనీ పాటను మొదటి స్థానం నుంచి దించింది బిల్లీ ఐడల్ పాట. ఈ రెండు పాటలనూ అరవైల్లో హిట్ చేసిన బృందం ఏది? టామీ జేమ్స్ అండ్ ది షాండెల్స్. దీనికి రెండో జవాబు లేదు.

ఏడాదుల గొడవ ఇంకా ఎక్కువ. ‘టేక్ ఆన్ మీ’ని నార్వే బృందం ఆ-హా 1984లో విడుదల చేస్తే ఆడలేదు. వేరే నిర్మాతతో మళ్లీ రికార్డు చేసి 1985లో వదిలారు. అమెరికాలో మొదటి స్థానానికి వెళ్లింది ఆ రెండోదే, బ్రిటన్‌లో అది రెండో స్థానం దగ్గరే ఆగింది. ‘యూ స్పిన్ మీ రౌండ్’ 1984 చివర్లో విడుదలై 1985 మార్చిలో బ్రిటన్ చార్టు పైకెక్కింది. ‘వీడియో కిల్డ్ ద రేడియో స్టార్’ అయితే అసలు ఎనభైల పాటే కాదు. విడుదల 1979లో. 1981 ఆగస్టు 1న అమెరికా పాటల టీవీ ఛానెల్ ఎంటీవీ మొదలైనప్పుడు మొట్టమొదట వేసిన వీడియో అదే కావడంతో ఎనభైల ఖాతాలో పడిపోయింది. కనుక ‘ఏ ఏడాది పాట?’ అని కాకుండా విడుదల ఎప్పుడు, ఏ దేశపు చార్టులో ఏ స్థానం ఎప్పుడు అని విడదీసి అడగాలి.

‘పాడింది ఎవరు?’ కూడా చూసి వాడాల్సిన మాటే. మిలీ వనిలీ అనే జంట రికార్డుల్లో గొంతు తెరమీద కనిపించిన ఇద్దరిదీ కాదు. 1990 ఫిబ్రవరిలో వాళ్లకిచ్చిన గ్రామీ అవార్డును అదే ఏడాది నవంబరులో వెనక్కి తీసుకున్నారు. బ్లాక్ బాక్స్ బృందం ‘రైడ్ ఆన్ టైమ్’ (1989) వీడియోలో పెదవులు కదిపింది మోడల్, గొంతు గాయని లొలియాటా హాలోవే పాత రికార్డులోంచి తీసుకున్నది. ఇలాంటి చోట ‘ఎవరి పేరున విడుదలైంది?’ అనడం క్షేమం. మన దగ్గరా ఇదే తంతు. హిందీ సినిమా ‘ఖుర్బానీ’ (1980) సంగీత దర్శకులు కల్యాణ్‌జీ ఆనంద్‌జీ అన్నది ఒప్పే, నాజియా హసన్ పాడిన ‘ఆప్ జైసా కోయీ’ వరకు మాత్రం సంగీతం బిడ్డు అనే సంగీతకారుడిది.

సరిచూసుకోవడం పెద్ద పనేం కాదు. రికార్డు లేబుల్ మీద సున్నాలో ‘పి’ అక్షరం పక్కన ఉండేది ఆ రికార్డింగ్ ప్రచురణ ఏడాది. సున్నాలో ‘సి’ పక్కన ఉండేది అట్ట మీది బొమ్మకు, రాతకు సంబంధించినది. పాటల యాప్‌లు చూపే ఏడాది చాలాసార్లు సంకలనానిదో రీమాస్టర్‌దో అయి ఉంటుంది, దాన్ని నమ్మకూడదు. న్యూ ఆర్డర్ బృందం ‘బ్లూ మండే’ 1983లో 12 అంగుళాల సింగిల్‌గా వచ్చింది, నిడివి 7 నిమిషాల 29 సెకన్లు. 1988లో రీమిక్స్ వచ్చింది. ‘ఏ ఆల్బంలోది?’ అన్న ప్రశ్న దీనికి పనికిరాదు, ఎందుకంటే బ్రిటన్‌లో 1983లో వచ్చిన వాళ్ల ఆల్బంలో ఈ పాట లేదు.

ఆడియో రౌండ్‌కు వీడియో సైట్ల నుంచి ముక్కలు కోసే అలవాటు మరీ ప్రమాదం. కాపీరైట్ వలలో పడకుండా కొందరు వేగం మార్చి ఎక్కిస్తారు. వేగం 6 శాతం పెంచితే శ్రుతి దాదాపు అరస్వరం పెరిగి గొంతు పోలిక పోతుంది. ‘బిల్లీ జీన్’ నిమిషానికి 117 బీట్ల పాట. గడియారం పెట్టుకుని అర నిమిషం లెక్కిస్తే 58, 59 రావాలి. 62 వచ్చిందంటే ఆ ముక్క పక్కన పెట్టేయాలి. గాయకులే దశాబ్దాల తర్వాత మళ్లీ పాడిన రికార్డింగులు కూడా అసలువాటి పేరుతోనే చెలామణి అవుతుంటాయి, నిడివి, లేబుల్ పోల్చి చూడాలి.

మీ పత్రిక ఆదివారం క్విజ్ శీర్షికను చూసి కాలేజీలవాళ్లు ప్రశ్నలు ఎత్తి రాసుకుంటారు గనుక ఒక విన్నపం. జవాబు పక్కనే బృందం, దేశం, విడుదల ఏడాది వేయండి. రెండో సరైన జవాబు పంపిన పాఠకులకూ మార్కు ఇవ్వండి. సవరణ ఉంటే లోపలి పేజీ అడుగున కాక, మరుసటి ఆదివారం క్విజ్ ఉన్న చోటే అచ్చు వేయండి.

ఇట్లు,
ఒక క్విజ్ అభిమాని,
విజయవాడ