ఆ జెల్ మానేయకు చిన్నీ

చిన్నీ,

నిన్న వీడియో కాల్‌లో నువ్వు ఫోన్ దూరంగా పెట్టి, సగం ముఖమే కనిపించేలా కూర్చున్నప్పుడే నాకు అర్థమైంది. తర్వాత అమ్మ చెప్పింది, డాక్టర్ రాసిన జెల్ రెండు వారాలు వాడి, మొటిమలు ఇంకా ఎక్కువయ్యాయని పక్కన పడేశావట, వారం నుంచి నీ ఫ్రెండ్ ఇచ్చిన ఇంకేదో క్రీమ్ రాస్తున్నావట. ఫోన్‌లో చెబితే "సరేలే అక్కా" అని పెట్టేస్తావు, అందుకే కూర్చుని రాస్తున్నాను. మొత్తం చదువు.

ముందు ఆ క్రీమ్. ట్యూబు మీద సన్న అక్షరాల్లో ఉన్నది ఫొటో తీసి నాకు పంపు. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ అనే పేర్లలో ఏది ఉన్నా అది స్టెరాయిడ్. రాసిన నాలుగు రోజుల్లో ఎరుపు తగ్గి ముఖం తేటగా అవుతుంది కాబట్టి భలే పనిచేస్తోందనిపిస్తుంది. అలాగే రాసుకుంటూ పోతే చర్మం పలచబడుతుంది, సన్నటి ఎర్ర నరాలు పైకి కనిపిస్తాయి, ఆ స్టెరాయిడే కొత్త మొటిమలు తెస్తుంది, మానేద్దామంటే ముఖమంతా మంట. నెలల తరబడి వాడినవాళ్లు డాక్టర్ని అడిగే ఆపాలి. నువ్వు మొదలుపెట్టి వారమేగా, స్టెరాయిడ్ అని తేలితే ఇవాళే ఆపేయ్.

ఇక నువ్వు మానేసిన జెల్. అడాపలీన్ 0.1 శాతం అని అమ్మ పేరు చదివి చెప్పింది. నిజంగా మంచి మందు, ఇక్కడ అమెరికాలో 2016 నుంచి ప్రిస్క్రిప్షన్ లేకుండా కూడా ఇస్తున్నారు. అది రెటినాయిడ్, అంటే విటమిన్ ఎ కుటుంబానికి దగ్గరి మందు. అది ఎందుకు ఆలస్యంగా పనిచేస్తుందో తెలిస్తే నువ్వు మానేసేదానివి కాదు. మొటిమ మనకి కనిపించిన రోజున మొదలవదు. అంతకు వారాల ముందే, వెంట్రుక కుదురులో జిడ్డూ రాలిపోవాల్సిన మృతకణాలూ అతుక్కుని బిరడాలా మూసుకుంటాయి, ఆ మూసుకున్న చోట క్యూటిబాక్టీరియం యాక్నెస్ అనే బాక్టీరియా పెరిగి, వాపు వచ్చి, చివరికి ఎర్రగా పైకి తేలుతుంది. ఆ బిరడా పడకుండా చూడటమే అడాపలీన్ పని. ఇవాళ నీ బుగ్గ మీద ఉన్నవి జెల్ మొదలుపెట్టకముందే లోపల తయారైపోయినవి, వాటిలో కొన్ని మొదటి వారాల్లో ఒకేసారి బయటపడొచ్చు కూడా. నువ్వు భయపడి మానేసింది సరిగ్గా ఆ సమయంలోనే. కనీసం 8 నుంచి 12 వారాలు వాడకుండా ఆ మందు పనిచేసిందో లేదో ఎవరూ చెప్పలేరు.

కనిపించిన మొటిమ మీదే చుక్క పెట్టడం కూడా మానెయ్. రేపు రాబోయేవాటిని ఆపాలి కదా, అందుకే మొటిమలు వచ్చే చోటంతా పలచగా రాయాలి. ముఖం మొత్తానికి బఠాణీ గింజంత చాలు. ఎక్కువ రాస్తే తొందరగా తగ్గదు, పొట్టు మాత్రం తొందరగా లేస్తుంది. రాత్రి సబ్బు లేని మామూలు క్లెన్సర్‌తో కడిగి, రుద్దకుండా అద్దుకుని, బాగా ఆరాక రాయి, తడి చర్మం మీద రాస్తే ఎక్కువ మండుతుంది. కంటి చుట్టూ, ముక్కు మూలల్లో, పెదవుల అంచుల్లో వద్దు. మొదట్లో రోజు విడిచి రోజు చాలు, మండితే ముందొక పొర మాయిశ్చరైజర్, దాని మీద జెల్. ముఖం జిడ్డుగా ఉందని మాయిశ్చరైజర్ మానేస్తావని నాకు తెలుసు. మానకు, రంధ్రాలు మూయని రకం, నాన్ కామెడోజెనిక్ అని రాసి ఉన్నది తీసుకో. ఈ జెల్ రాసే ముఖానికి వ్యాక్సింగ్ కూడా చేయించుకోకు, చర్మం ఊడొస్తుంది.

నీకు ఒక సంగతి చెప్పలేదు. ఇక్కడికి వచ్చిన మొదటి ఏడాది నాకు గడ్డమంతా చీము మొటిమలు. ఎవరినీ అడగకుండా బెంజాయిల్ పెరాక్సైడ్ అనే, మొటిమల బాక్టీరియాని చంపే పైపూత మందు 10 శాతంది తెచ్చుకుని రోజుకి మూడుసార్లు రాశాను, వారం తిరిగేసరికి పెదవుల మూలలు పగిలి నోరు తెరిస్తే నొప్పి, బయటికి వెళ్లాలంటే ఏడుపొచ్చేది. తర్వాత డాక్టర్ చెప్పింది, ఎర్ర మొటిమల మీద 2.5 శాతం కూడా దాదాపు అంతే పనిచేస్తుందని, మంట చాలా తక్కువని. అప్పటి నుంచి ఎవరు అడిగినా తక్కువ శాతంతోనే మొదలుపెట్టమంటున్నాను.

నీ చీటీలో పొద్దున పూటకి క్లిండమైసిన్, బెంజాయిల్ పెరాక్సైడ్ కలిసిన జెల్ ఉందటగా, అందులో రెండూ ఎందుకున్నాయో చెబుతాను. క్లిండమైసిన్ యాంటీబయాటిక్. అదొక్కటే నెలలు రాస్తే బాక్టీరియా దానికి లొంగకుండా తయారవుతుంది. బెంజాయిల్ పెరాక్సైడ్‌కి బాక్టీరియా అలా అలవాటు పడదు, పక్కన అది ఉంటే ఆ ప్రమాదం తగ్గుతుంది. అందుకని విడిగా క్లిండమైసిన్ ట్యూబు కొనకు. ఒక్క జాగ్రత్త, బెంజాయిల్ పెరాక్సైడ్ బట్టల రంగు పోగొడుతుంది, తెల్ల తువ్వాలు, తెల్ల దిండు గలీబు వాడు. పొద్దున ఆ జెల్ రాశాక పైన ఎస్‌పీఎఫ్ 30 అయినా ఉన్న సన్‌స్క్రీన్ రాయి, మన రంగు చర్మానికి మొటిమ తగ్గాక మిగిలే నల్ల మచ్చలే ఎక్కువ రోజులు బాధపెడతాయి, ఎండ తగిలితే అవి ఇంకా ముదురుతాయి. గిల్లకు చిన్నీ. చిదిమితే చీము లోపలికి కూడా పోతుంది, గుంటలు పడితే ఏ క్రీమూ పూడ్చలేదు.

వదిన నీ అడాపలీన్ జెల్ అడిగిందట, ఇవ్వకు. కడుపుతో ఉన్నప్పుడు రెటినాయిడ్లు వద్దంటారు. అజెలాయిక్ యాసిడ్ లాంటి పైపూత మందులు వాడుకోవచ్చంటారు, మచ్చలకీ మంచిది, కానీ తన డాక్టర్ని అడిగే తీసుకోమను.

లోపల గట్టిగా, నొప్పిగా గడ్డల్లా వస్తున్నా, గుంటలు పడుతున్నా ఈ పైపూత మందులతో సరిపెట్టుకోకు, మాత్రలు అవసరం కావచ్చు. నెలసరి సరిగా రాకపోతే, గడ్డం మీద వెంట్రుకలు పెరుగుతుంటే అది కూడా సిగ్గుపడకుండా డాక్టర్‌కి చెప్పు, హార్మోన్ల సంగతి చూడాల్సి ఉంటుంది.

ముఖం మంట తగ్గి మామూలుగా అయ్యాక జెల్ మళ్లీ మొదలుపెట్టు. ఆ రోజు ఒక ఫొటో తీసి పెట్టుకో, తర్వాత నెలకొకటి, అదే కిటికీ దగ్గర, అదే వెలుతురులో. రోజూ అద్దంలో చూసుకుంటే మార్పు తెలియదు. ఆ ఫొటోలు నాకే పంపు, ఎవరికీ చూపించను. ముందు ఆ క్రీమ్ ట్యూబు ఫొటో, ఈ రాత్రికే.

అక్క