హసీనా సంగతి సరే, గంగ నీళ్ల సంగతి ఎప్పుడు?

సంపాదకుడు గారికి,

2025 జనవరి 12న బంగ్లాదేశ్ ప్రభుత్వం ఢాకాలో అప్పటి మన హైకమిషనర్ (రాయబారి) ప్రణయ్ వర్మను పిలిపించి సరిహద్దు కంచె గురించి అడిగారు. మర్నాడే ఢిల్లీలో మనవాళ్లు వాళ్ల డిప్యూటీ హైకమిషనర్‌ని పిలిపించారు. ఇంకేముంది, టీవీ చర్చల వాళ్లకు పండగే. తీరా చూస్తే గొడవ ఏమిటంటే, సరిహద్దు గీతకు 150 గజాల లోపల రక్షణ కట్టడాలు ఉండకూడదని 1975లో రాసుకున్న మార్గదర్శకాలున్నాయి, అప్పుడు మనవాళ్లు వేస్తున్న కంచె దాని కిందికి వస్తుందా రాదా అని. మన సరిహద్దు దళం బీఎస్ఎఫ్, అవతలి సరిహద్దు దళం బీజీబీ అధికారులు కూర్చుని తేల్చుకోగలిగిన విషయం ఇది.

నా బాధ వేరు. 2024 ఆగస్టు 5న పదవి పోయిన బంగ్లాదేశ్ ప్రధాని షేక్ హసీనా ఢిల్లీ దగ్గరి హిండన్ ఎయిర్‌బేస్‌లో దిగిన దగ్గర్నుంచి రెండు దేశాల మధ్య ఏ మాట మొదలైనా ఆమె దగ్గరికొచ్చి ఆగిపోతోంది. త్రిపుర రాజధాని అగర్తలాలో వాళ్ల అసిస్టెంట్ హైకమిషన్‌లోకి జనం చొరబడిన వారానికే, డిసెంబరు 9న, మన విదేశాంగ కార్యదర్శి విక్రమ్ మిస్రీ ఢాకా వెళ్లి అప్పటి తాత్కాలిక ప్రభుత్వాధినేత యూనస్‌ను కలిశారు, అక్కడి మైనారిటీల భద్రత గురించి గట్టిగానే చెప్పారు. అంత టెన్షన్‌లో వెళ్లడం మంచి పనే. కానీ రెండు వారాలకే హసీనాను అప్పగించమని వాళ్ల నోట్ వచ్చింది. 2013 నేరస్తుల అప్పగింత ఒప్పందం ప్రకారం రాజకీయ నేరమైతే కుదరదనొచ్చు, హత్య లాంటివి రాజకీయ నేరం కిందికి రావనీ అందులోనే ఉంది. లాయర్లకు ఏళ్ల తరబడి పని. అది తేలేదాకా మిగతావన్నీ అటకెక్కిస్తామా?

పదిహేనేళ్లు మనం ఢాకాలో ఒక్క గుమ్మమే తొక్కాం, ఆ తలుపు మూసుకునేసరికి ఇప్పుడు దిక్కులు చూస్తున్నాం.

గంగ నీళ్ల ఒప్పందం చూడండి. 1996 డిసెంబరు 12న దేవెగౌడ, హసీనా 30 ఏళ్లకు సంతకాలు చేశారు, అంటే 2026 డిసెంబరుతో సరి. ఏటా జనవరి నుంచి మే దాకా పశ్చిమ బెంగాల్‌లోని ఫరక్కా బ్యారేజీకి వచ్చే నీటిని పది రోజుల లెక్కన పంచుకుంటారు. 70 వేల క్యూసెక్కులు, అంతకు తక్కువ వస్తే చెరిసగం, 75 వేలు దాటితే మనకు 40 వేలు, మిగతాది వాళ్లకు. అసలు కటకట మార్చి 11 నుంచి మే 10 దాకా. అప్పుడు ఒక పది రోజులు ఒకరికి 35 వేలు గ్యారంటీ అయితే తర్వాతి పది రోజులు రెండోవారికి. కృష్ణా నీళ్ల కోసం మన రెండు తెలుగు రాష్ట్రాలు పడే తగువు తెలిసినవాళ్లకు ఈ లెక్క ఎంత సున్నితమో వేరే చెప్పక్కర్లేదు. 2024 జూన్‌లో మోదీ, హసీనా దీని పొడిగింపుపై సాంకేతిక చర్చలు మొదలుపెడతామన్నారు, ఆరు వారాలకే ఆమె ప్రభుత్వం పోయింది. తర్వాత చూద్దాంలే అనుకుంటే టైమ్ సరిపోదు. 2011లో అప్పటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి మమతా బెనర్జీ ఒప్పుకోక తీస్తా నది నీళ్ల ఒప్పందం ఆఖరి నిమిషంలో ఆగిపోయింది, ఈ రోజుకీ అతీగతీ లేదు. ఈసారైనా కోల్‌కతాను ముందే పిలిచి కూర్చోబెట్టుకోవాలి, దానికే నెలలు పడుతుంది.

చెయ్యాలనుకుంటే పనులవుతాయి. 2025 జనవరి 5నే సముద్రంలో సరిహద్దు రేఖ దగ్గర రెండు కోస్ట్‌గార్డులు మన జాలర్లు 95 మందిని, వాళ్ల జాలర్లు 90 మందిని ఇచ్చిపుచ్చుకున్నాయి. అవతల నాయకులు ఒకర్నొకరు తిట్టుకుంటున్న రోజుల్లోనే! మీ పేపర్లో అది లోపలి పేజీలో నాలుగు లైన్లు, కంచె గొడవ మాత్రం మొదటి పేజీలో ఫొటోతో సహా.

వీసాలూ అంతే. 2024 ఆగస్టు తర్వాత నెలల తరబడి బంగ్లాదేశీయులకు వైద్యానికి, అత్యవసరానికి తప్ప దాదాపు ఇవ్వలేదు. దీనివల్ల యూనస్‌కు పోయిందేం లేదు, ఢాకా నుంచి వచ్చే కొనుగోలుదార్ల మీద బతికే కోల్‌కతా న్యూమార్కెట్ వ్యాపారులు ఈగలు తోలుకున్నారు.

 మన ఎంపీల్లో ఒక్కరైనా హసీనా గొడవ పక్కనపెట్టి, గంగ ఒప్పందంపై ఆ సాంకేతిక చర్చలు ఎందాకా వచ్చాయో పార్లమెంటులో అడిగితే బాగుండు. వాళ్లు అడక్కపోతే మీ ఢిల్లీ రిపోర్టర్‌తోనైనా అడిగించండి.

– ఒక పాఠకుడు